ఐదో తరగతికి ఇరవై ఏడు ఉపాయాలు

ఫిబ్రవరి ఇరవై ఒకటి, శుక్రవారం. ఆకాశం మబ్బుగా ఉంది. హైస్కూలు పెద్ద గదిలో ఉపాధ్యాయుల సమావేశం. హాజరైనవారు: చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో నాలుగు, ఐదు తరగతులు చెప్పే ఉపాధ్యాయులు పధ్నాలుగు మంది, హైస్కూలు హెడ్మాస్టరు, శిక్షణ ఇవ్వడానికి బయటినుంచి వచ్చిన ఒక యువకుడు, టీ అందించే అటెండరు, నేను. హాజరు పట్టీలో నాది చివరినుంచి రెండో గడి, అటెండరుకు పైన.

సమావేశం పది గంటలకు. నేను తొమ్మిదీ నలభైకి చేరాను. డైరీలో ఇంతవరకు ముందే రాసి పెట్టుకున్నాను. తర్వాత జరిగినవి ఆ గడుల్లో పట్టలేదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

నన్ను పిలవడానికి కారణం నా డైరీలే. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఏ రోజు ఏ పాఠం ఎట్లా చెప్పానో రాసి పెట్టుకున్నాను. హైస్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేసి, "మేస్టారూ, క్లాసులో నిజంగా పనికొచ్చే ఉపాయాలు నాలుగు ఏరి తెండి, పది నిమిషాలు మాట్లాడుదురుగాని" అన్నాడు. నాలుగు ఏరడం నావల్ల కాలేదు. మూడు వారాలు కూర్చుని ఇరవై ఏడు తేల్చాను. వాటిని మార్జిను కొట్టిన కాగితాల మీద వరస సంఖ్యలతో ఎత్తి రాశాను. బస్సు టిక్కెట్ల మీది అంకెలతో కూడికలు, రేషన్ షాపుకు ఉత్తరం, తప్పు చేసిన పిల్లవాడి చేతే ఆ తప్పు ఎట్లా వచ్చిందో చెప్పించడం లాంటివి అందులో ఉన్నాయి. రాస్తుండగా ఒక సంగతి గమనించాను. వాటిలో సగానికి పైగా నేను సర్వీసు మొత్తంలో ఒక్కసారే చేశాను, అదీ తనిఖీ ఉన్న వారంలోనే. ఈ సంగతి కాగితం మీద ఎత్తి రాయలేదు.

పది గంటలకు మొదలు కావలసిన సమావేశం పదకొండూ పదికి మొదలైంది. ప్రొజెక్టరు తీగ పొడవు చాలలేదు. బల్లను జరిపారు, ప్రొజెక్టరుకు చాలింది, కరెంటు పోయింది. శిక్షకుడు కుర్రవాడు, మర్యాదస్తుడు. కరెంటు వచ్చేలోగా అందరినీ గుండ్రంగా కూర్చోమన్నాడు. నడిమధ్యలో స్తంభం ఉండడం వల్ల గుండ్రం కుదరక, మేము గుర్రపు లాడం ఆకారంలో కూర్చున్నాం. బిడియం పోవడానికి ఎవరి పేరు మొదటి అక్షరంతో వాళ్ళు ఒక పండు పేరు చెప్పాలన్నాడు. బిడియం పోవాల్సినవారిలో సగం మంది పాతికేళ్ళుగా ఒకరి కూతుళ్ళ పెళ్ళిళ్ళకు ఒకరు వెళ్ళి భోజనం చేస్తున్నవాళ్ళు. పర్చూరు వైపునుంచి వచ్చిన సీనియర్ మాస్టారు లేచి, "నా పేరుకి పండు దొరకట్లేదయ్యా. కూరగాయైతే ఉంది, సరిపోద్దా?" అన్నాడు. సరిపోతుందన్నాడు శిక్షకుడు. "అట్టయితే బిడియం పోయినట్టే, రాసుకో" అని కూర్చున్నాడు.

కరెంటు వచ్చాక తెరమీద బొమ్మలు చూపించాడు. ఎక్కడో చలిదేశంలో పది పన్నెండు మంది పిల్లలు తివాచీ మీద సాక్సులతో కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క రంగు పెట్టె.

"గమనించండి, ఇక్కడ టీచర్ కనిపించదు. ఆమె పిల్లల్లో కలిసిపోయింది" అన్నాడు.

"మా బళ్ళో పిల్లలే కనిపించటం లేదండి" అంది ఒక గొంతు.

అందరం తిరిగి చూశాం. మా ఊరి బడి టీచరమ్మ. నేను తొమ్మిదేళ్ళ కిందట రిటైరైన బడి అదే. ఆమె వచ్చి రెండేళ్ళయింది. పొన్నూరు దగ్గరి వరి పొలాల నుంచి వచ్చిన మనిషి, మా మిరప ఊళ్ళ సంగతులు వచ్చాకే నేర్చుకుంది.

"రేపు పొద్దున పది గంటలకి మా బడికి తనిఖీ ఉందండి" అని చెప్పడం మొదలుపెట్టింది. "ఐదో తరగతిలో పదకొండు మంది. వాళ్ళు కూర్చుని ఉండాలి, అడిగిన లెక్క చెప్పాలి. లేకపోతే వచ్చే నెల నుంచే ఐదో తరగతిని బైపాస్ అవతల పెద్ద బళ్ళో కలిపేస్తారు. అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఆ రోడ్డు దాటించి పంపేది లేదని వాళ్ళమ్మలు ముందే చెప్పేశారు. అంటే ఆ ఆరుగురికీ చదువు ఈ నెలతో ఆఖరు. ఐదు ఇక్కడే పూర్తయితే ఆరుకి ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. ఇవాళేమో పదకొండు మందీ మిరప కల్లంలో ఉన్నారు. రేపు నేనేం చెయ్యాలండి?"

అందరి తలలూ శిక్షకుడి వైపు తిరిగాయి.

"వెరీ గుడ్ క్వశ్చన్" అన్నాడు శిక్షకుడు. "దీన్ని పార్కింగ్‌లో పెడదాం."

బోర్డుకు కుడి మూల ఒక గడి గీసి, దాని మీద 'పార్కింగ్' అని రాసి ఉంచాడు. ఇప్పుడే జవాబు చెప్పలేని ప్రశ్నలు అందులో ఉంటాయట, సాయంత్రం తీరిగ్గా తీసి చూస్తారట. 'పిల్లలు కల్లంలో' అని రెండు మాటలు అందులో రాశాడు. మధ్యాహ్నం వరకు ఆ పార్కింగ్‌లో అదొక్కటే బండి.

తర్వాత బృంద చర్చ. ప్రతి బృందానికి ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు. మా బృందంలో టీచరమ్మ, పర్చూరు సీనియర్ మాస్టారు, నేను. మాకు వచ్చిన అంశం 'భిన్నాలను ఆనందంగా బోధించడం'. టీచరమ్మ చార్టు వైపు చూడకుండా కిటికీలోంచి మబ్బు చూస్తోంది.

"ఎందుకమ్మాయ్ అంత కంగారు?" అన్నాడు సీనియర్ మాస్టారు, చార్టు మీద గుండ్రాలు గీస్తూ. "రేపు మాకు తనిఖీ లేదు. మావాళ్ళు పన్నెండు మంది ఉన్నారు. పొద్దున్నే ఆటో ఎక్కించి పంపుతా. యూనిఫాం ఒకటే, రంగు ఒకటే. మాకొచ్చినప్పుడు మీవాళ్ళని పంపుదువుగాని."

"ఫోన్లో మొహం చూసి హాజరు వేస్తారు కదండీ మాస్టారూ?"

"మొహం ఫోనుకి కావాలమ్మా. వచ్చే ఆయనకి తల చాలు. తలలు లెక్కపెట్టుకుని పోతాడు. ఏం మేస్టారూ, మీకు తెలియందా?"

ఆ ప్రశ్న నన్నడిగాడు. నేను ఎర్ర స్కెచ్ పెన్ను మూత సరిగ్గా పట్టిందో లేదో చూశాను. నా డైరీల్లో రెండు చోట్ల 'ఈరోజు తరగతిలో అతిథి విద్యార్థులు నలుగురు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఇరవై ఏడు ఉపాయాల్లో దాన్ని చేర్చలేదు. నిజం చెప్పాలంటే, నేను సర్వీసులో చేసినవాటన్నిటిలో తప్పకుండా ఫలించింది అదొక్కటే.

టీచరమ్మ అంది: "మీ పిల్లలొస్తే తనిఖీ గట్టెక్కుద్ది మాస్టారూ. మావాళ్ళకి లెక్క రాదు, రాలేదనేది కూడా ఎవరికీ తెలీదు. ఎండాకాలం పోయాక ఇంకోసారొస్తారు. అప్పుడు మళ్ళీ ఆటోనా?"

"అప్పటికి నేను రిటైరైపోతా" అన్నాడు ఆయన నిశ్చింతగా.

బృందాలన్నీ చార్టులు గోడకు అంటించాయి. అన్నిటి మీదా రొట్టెల్లాంటి గుండ్రాలే. ఒక బృందం సగానికి రంగు వేసింది, ఒకటి పావుకు వేసింది. మా గుండ్రానికి రంగు వేసేలోగా టైము అయిపోయింది కాబట్టి దాన్ని 'సున్నా భిన్నం' అని సీనియర్ మాస్టారు సమర్థించాడు. శిక్షకుడు చప్పట్లు కొట్టించాడు. అన్ని చార్టులకీ సమానంగా కొట్టించాడు.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం, ఒక అరటిపండు. భోజనం తర్వాత భిన్నాల మీద ఒక పాట వీడియో చూపించి, పధ్నాలుగు మందినీ నిలబెట్టి చేతులు ఆడిస్తూ పాడించాడు. ఇద్దరు నిలబడే కునుకు తీశారు. "ఇది మీరు రేపే మీ తరగతిలో చేయవచ్చు" అన్నాడు. టీచరమ్మ చెయ్యెత్తింది. ఆయన నవ్వుతూ బోర్డు మూలకు వేలు చూపించాడు. ఆమె చెయ్యి దించేసింది.

నా పది నిమిషాలు మూడూ నలభైకి వచ్చాయి. అప్పటికి అందరూ రిజిస్టరులో సంతకాలు పెడుతున్నారు, సంచుల జిప్పులు లాగుతున్నారు. నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను. నడుమ నుంచి మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఆరో ఉపాయం దగ్గరికి వచ్చాను. అది వైశాల్యం పాఠం. మిరప కల్లంలో తాడుతో చదరపు మీటరు కొలిచి, అందులో ఎన్ని కాయలు పట్టాయో పిల్లల చేత లెక్క కట్టించడం.

టీచరమ్మ తల ఎత్తింది. "ఇది పిల్లల్ని కల్లానికి తీసుకెళ్ళి చేశారా మేస్టారూ?"

డైరీ చేతిలో పెట్టుకుని అబద్ధమాడడం కష్టం. "లేదమ్మా. బోర్డు మీద కల్లం బొమ్మ గీసి చెప్పాను."

"ఎందుకండీ?"

"బయటికి తీసుకెళ్తే ఆ పూట హాజరు ఏ గడిలో వేయాలో తెలియలేదు."

గదిలో పెద్ద నవ్వు లేచింది. ఆ నవ్వుతోనే సమావేశం ముగిసిందని హెడ్మాస్టరు ప్రకటించాడు. ఏడో ఉపాయం నుంచి ఇరవై ఏడో ఉపాయం వరకు సంచిలోకే తిరిగి వెళ్ళాయి. 'చర్చించిన ఉపాయాలను తరగతి గదుల్లో ఆచరణలో పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని మినిట్స్ రాశారు. శిక్షకుడు బోర్డును ఫొటో తీసుకున్నాడు. అటెండరు తడిగుడ్డతో బోర్డు తుడిచాడు. పార్కింగ్ కూడా అందులోనే పోయింది.

మా ఊరికి ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. దారి పొడవునా పత్తి తీసేసిన నల్లరేగడి పొలాలు, మధ్యమధ్య ఎర్రగా మిరప కల్లాలు. ఆమె ఊళ్ళో దిగలేదు. ఊరికి ముందే, చేల దగ్గర ఆపమని డ్రైవరును కేకేసింది. నేనూ దిగాను. ఎందుకు దిగానో అప్పుడు నాకు తెలియదు. ఇరవై ఏడు ఉపాయాలున్న సంచి చేతిలో పట్టుకుని, అవసరం ఉన్న మనిషిని దారిలో వదిలి ఇంటికి పోవడం సిగ్గనిపించి ఉండాలి.

కల్లంలో టార్పాలిన్ పట్టాల మీద కాయ పరిచి ఉంది. పాతిక మంది ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడిన కాయను తాలంటారు. మంచి కాయలో తాలు ఉంటే మిర్చి యార్డులో ధర పడిపోతుంది. అందుకని బస్తాలకు ఎత్తేముందు ఏరి తీసెయ్యాలి. ఆ వరసల్లో టీచరమ్మ ఐదో తరగతి కూడా ఉంది, ఒక్కరూ తప్పకుండా పదకొండు మంది. ఆ హాజరు బడిలో ఉంటే ఏ గొడవా లేదు.

కూలి ముఠాను నడిపే మేస్త్రమ్మ మమ్మల్ని చూసి గొంతెత్తింది. "ఏమ్మా టీచరమ్మా, మీటింగంట కదా! ఏం పెట్టారేంది తినటానికి?"

"పులిహోరక్కా."

"పులిహోర తిని వచ్చినదానివి మొహం అట్టా పెట్టావేంది? ఉప్పు చాలలేదా?"

వరసల్లో నవ్వులు. టీచరమ్మ కూడా నవ్వి, అక్కడే గొంతుక్కూర్చుంది. "రేపు పిల్లల్ని పంపక్కా. ఒక్క పూట. నీ కూతుర్నయినా పంపు."

"ఎట్టా పంపమంటావే తల్లీ? మబ్బు చూడు. రేపు సాయంత్రానికి వానంట. ఈ లోపల ఏరి ఎత్తకపోతే రైతు నెత్తిన గుడ్డేసుకోవాల. మేమందరం ఇక్కడుంటే ఇంటికాడ పిల్లల్ని ఎవురు చూస్తారు? ఇక్కడయితే కళ్ళ ముందుంటారు, చేతికి నాలుగు కాయలు ఏరతారు."

"తరగతి పోతే రోడ్డు దాటాల్సొస్తదక్కా."

"నా కూతురు ఆ రోడ్డు దాటదు. లారీలు చూశావా ఎట్టా పోతాయో! అది పోతే ఇంక ఇంటికాడే."

కూతురు తల్లి పక్కనే కూర్చుని ఉంది. పదేళ్ళుంటాయి. తల్లి మాట వింది. ఏరడం ఆపింది.

టీచరమ్మ ఆ పిల్ల ముందున్న కుప్ప చూపించి, "ఇందులో తాలెంత ఉందే?" అంది.

"పదికి రెండు, టీచర్. అదుగో ఆ మూల కుప్ప పనికిమాలింది, పదికి మూడు."

"రెండు కుప్పలూ కలిపేస్తే?"

పిల్ల రెండు కుప్పల వైపూ చూసి వేళ్ళు మడిచింది. "కుప్పలు ఒకటే సైజయితే ఇరవైకి ఐదు. అంటే నాలుక్కి ఒకటి."

"నెల రోజుల నుంచి బోర్డు మీద ఇదే కదే రాస్తున్నా! రాదన్నావు!"

"బోర్డు మీద గీత ఉంటది టీచర్. గీత కింద అంకె చూస్తే భయమేసిద్ది."

నా ఇరవై రెండో ఉపాయం సరిగ్గా దీని గురించే. పిల్లకు భయం ఎక్కడ ఉందో పిల్ల చేతే చెప్పించడం. ఆ మాట పైకి అనబోయి, ఎవరూ అడగలేదని ఊరుకున్నాను.

అంతలో గట్టు మీద ఫోనులో వాన సంగతి చూస్తున్న రైతు వచ్చాడు. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. ఆ దండంలో గౌరవం కొద్దిగానే ఉంది. "ఓహో, అర్జీల మేస్టారా! ఏం, ఇది కూడా బడి జాగానేనా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బడి ముందు ప్రార్థనకని పోయించిన సిమెంటు గచ్చు ఉంది. ఎత్తుగా, వాటంగా, నీరు నిలవకుండా ఉంటుంది. ఊళ్ళో అంత మంచి కల్లం ఇంకొకటి లేదు. మిరప కాలం వస్తే రైతులందరి కళ్ళూ దాని మీదే. రిటైరయ్యే ముందు ఆ బడిలో నేను పనిచేసిన తొమ్మిదేళ్ళూ ఆ గచ్చును కాపాడాను. పాఠాలకన్నా ఆ కాపలాకే ఎక్కువ కాగితాలు ఖర్చయ్యాయి. 'ఆవరణలో పంట ఆరబెట్టరాదు' అని గోడమీద నీలం రంగుతో రాయించాను.

"నా కాయ మీద మూడు అర్జీలు పెట్టాడమ్మా ఈయన" అని రైతు టీచరమ్మకు చెప్పాడు. "పైదాకా పోయినై."

"మూడు కాదు, నాలుగు" అన్నాను. లెక్క తప్పు పోతుంటే ఊరుకోలేను.

"చూశావా! ఇప్పుడేమో ఇక్కడ పల్లం. వానొస్తే పట్టాల కింద నీళ్ళు నిలబడతై. ఆ గచ్చు మీదయితే ఈపాటికి..." అని చెయ్యి విసిరాడు.

టీచరమ్మ లేచి నిలబడింది. రైతును చూసింది, మేస్త్రమ్మను చూసింది, ఆఖరున నన్ను చూసింది. నాకు కొంచెం భయమేసింది.

"బాబాయ్, ఈ కాయంతా గచ్చు మీద పడుద్దా?"

"పడుద్ది. ఏం?"

"పొద్దున్నే ట్రాక్టరు మీద తోలండి. ముఠా అంతా అక్కడే కూర్చుని ఏరుకోండి. చినుకు పడితే వరండాలోకి లాక్కోవచ్చు. అక్కా, నీ పిల్లలు నీ కళ్ళ ముందే ఉంటారు, కాకపోతే గది లోపల. ఒకటే షరతు. పిల్లలు ఏరరు. ఏరే పని పెద్దోళ్ళదే."

"మరి వాళ్ళు ఏరేది ఎవురు ఏరతారు?" అంది మేస్త్రమ్మ.

రైతు మబ్బు వైపు చూశాడు. "నలుగురు ఆడోళ్ళని ఎక్కువ పిలుద్దాంలే. నా కాయ తడవకుండా ఉంటే చాలు."

నేను దగ్గాను. "అమ్మా, తనిఖీ వచ్చే రోజునే బడిని కల్లం చేస్తే..."

"మీ కాగితాల్లో ఇంకో ఉపాయం ఉంటే చెప్పండి మేస్టారూ. ఇది ఇక్కడే మానేస్తాను."

ఆమె ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగి, జవాబు కోసం ఆగింది. నేను ఏడు నుంచి ఇరవై ఏడు దాకా మనసులో తిరగేశాను. చార్టులు, గోళీలు, చింతపిక్కలు, పాటలు, ఉత్తరాలు అన్నీ ఉన్నాయి. అన్నీ పిల్లలు బడికి వచ్చి కూర్చున్నాకే మొదలవుతాయి.

"లేదమ్మా" అన్నాను.

"ఏందయ్యో, మేస్టారు ఒప్పుకున్నాడు!" అని రైతు కల్లమంతా వినపడేట్టు అరిచాడు. "వానొచ్చేది ఖాయం!"

మర్నాడు పొద్దున ఆరున్నరకు బడికి వెళ్ళాను. ట్రాక్టరు అప్పటికే వచ్చి పోయింది. నేను తొమ్మిదేళ్ళు కాపాడిన గచ్చు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా ఉంది. గేటు నుంచి వరండా దాకా మనిషి నడిచేంత సన్నటి దారి వదిలారు. నీలం అక్షరాల గోడకు వీపు ఆనించుకుని ముఠా వరసలుగా కూర్చుంది. లోపల పదకొండు మంది ఉన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఏడున్నరకు టీచరమ్మ ఒక చాటలో కాయలు తెచ్చి నేలమీద పోసింది. చార్టు లేదు, పాట లేదు. పది కాయలు వరసగా పేర్పించి, అందులో తాలు రెండని లెక్కపెట్టించి, వరసకు పైన విడిగా ఇంకో రెండు తాలు కాయలు పెట్టించింది. పైన రెండు, కింద మొత్తం పది. మధ్యలో సుద్దతో గీత గీసింది. "ఈ గీత ఏందిరా?" అంది. "తాలుకీ మొత్తానికీ మధ్య గట్టు టీచర్" అన్నాడొక పిల్లవాడు. తర్వాత ఇద్దరిద్దరిని కూర్చోబెట్టింది. ఒకరు కుప్ప పోసి అడగాలి, ఇంకొకరు గీత గీసి చెప్పాలి. తప్పయితే ఎక్కడ తప్పిందో అడిగినవాళ్ళే చూపించాలి. తొమ్మిదింటికి కాయలు తీసేసి, ఉత్త అంకెలే బోర్డు మీద రాసింది. ముగ్గురు మళ్ళీ తడబడ్డారు. ఆ ముగ్గురికే కాయలు తిరిగిచ్చింది. నేను వెనక కూర్చుని చూశాను. మధ్యలో రెండుసార్లు సలహా ఇవ్వబోయాను, ఆమె వినిపించుకోలేదు. మంచి పనే చేసింది.

పదీ ఇరవైకి కారు గేటు బయట ఆగింది. తనిఖీ అధికారి దిగి ఒక అడుగు లోపల పెట్టాడు.

"ఇది బడా, మిర్చి యార్డా? ఎవరు..." అంటుండగానే తుమ్ము వచ్చింది. మూడు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, నా తెల్ల జుట్టు చూసి నా దగ్గరికి వచ్చాడు. "మీరెవరు?"

"ఇక్కడ పనిచేసి రిటైరైన హెడ్మాస్టర్నండి."

"పెద్దవారు, మీరైనా చెప్పొద్దా? బడి ముందు ఇవి ఆరబెట్టకూడదని?"

"చాలాసార్లు చెప్పానండి. రాతపూర్వకంగా."

ఆయన లోపలికి వెళ్ళాడు. తలలు లెక్కపెట్టి పదకొండు అని రాసుకున్నాడు. తర్వాత కాగితం తీసి ప్రశ్న చదివాడు. ఒక తోటలో యాభై మొక్కలు, అందులో ఐదింట మూడు వంతులు గులాబీలు, అయితే గులాబీలు ఎన్ని? మేస్త్రమ్మ కూతురి వైపు వేలు చూపించాడు.

పిల్ల లేచింది. బయట ఏరే చేతులన్నీ ఆగాయి. కిటికీలోంచి మేస్త్రమ్మ మొహం కనిపిస్తోంది.

"సార్, గులాబీలంటే మంచి కాయ అనుకోవచ్చా?"

"ఏదో ఒకటి అనుకో. జవాబు చెప్పు."

"అయితే ఐదుకి రెండు తాలు. యాభైలో ఇరవై పోద్ది. ముప్పై మంచివి... ముప్పై గులాబీలు సార్."

ఆయన కాగితం వెనక్కి తిప్పి జవాబు సరిచూసుకున్నాడు. ఇంకా నలుగురిని అడిగాడు. ముగ్గురు చెప్పారు. నాలుగోవాడు ఏడ్చాడు. లెక్కకో, కాయ ఘాటుకో చెప్పలేను. వాడికి ఇంకో లెక్క ఇచ్చాడు, అదీ రాలేదు.

"బోధనోపకరణాలు ఎక్కడ ప్రదర్శించారు?" అన్నాడు గోడలు చూస్తూ.

టీచరమ్మ కిటికీ బయట గచ్చు చూపించింది.

"దానికి ఇందులో గడి లేదమ్మా" అని 'చార్టులు: లేవు' అని రాశాడు. ఆ పుస్తకం మూసి వరండాలోకి వచ్చాడు. అక్కడ మేస్త్రమ్మ చేతులు దులుపుకుంటూ దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"అయ్యా, మా పిల్ల ఐదు ఇక్కడేనా, రోడ్డు దాటాలా?"

"నివేదిక పంపుతామమ్మా, పైన నిర్ణయం..."

"నువ్వేం రాసి పంపుతావో అది చెప్పు. పొద్దున నుంచి ఒక చెవి లోపలే పెట్టి ఏరుతున్నాం."

ఆయనకు మళ్ళీ తుమ్ము వచ్చింది. దారి సన్నంగా ఉంది, రెండు వైపులా కాయలు, ముందు ఆమె. నిలబడే పుస్తకం తెరిచి రెండు వాక్యాలు రాశాడు. వెళ్ళబోతుంటే ఆమె కదల్లేదు.

"నాకు చదువు రాదు. నా కూతురు చదువుద్ది. ఇట్టా ఇవ్వు."

ఇవ్వకూడని పుస్తకం అది. ఇచ్చాడు. పిల్ల రెండు చేతులా పట్టుకుని, ముఠా అంతా వినేట్టు గట్టిగా చదివింది: "ఐదో తరగతిని ఈ పాఠశాలలోనే కొనసాగించవచ్చు. ఆవరణలోని మిరపకాయలను తక్షణం తొలగించాలి."

"ఏరగానే తొలగిస్తాం సార్!" అన్నాడు రైతు గేటు దగ్గర నుంచి.

మేస్త్రమ్మ పక్కకు తప్పుకుంది. "విన్నారుగా? రోడ్డు లేదు, లారీ లేదు. ఇంక చేతులాడించండే, మబ్బు దిగుతోంది."

అధికారి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కాయల మధ్య దారి వెంట కారు దాకా వెళ్ళాడు. పిల్ల లోపలికి పోయి తన చోట కూర్చుంది. టీచరమ్మ బోర్డు తుడిచి, ఆ ఏడ్చినవాడిని ముందుకు పిలిచి, వాడి ముందు పది కాయలు పెట్టింది.